మాటల్లేని క్యాసెట్

నిన్న సాయంత్రం మా వీధిలోంచి పెళ్లి ఊరేగింపు వెళ్లింది. ముందు డీజే బండి. దాని చప్పుడు చెప్పతరం కాదు. అలమరలో గ్లాసులు ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి, పొయ్యి మీద పాలగిన్నె మూత చిందులేసింది. ఎదురింటావిడ రెండు చెవులూ మూసుకుని, "వీళ్ల పెళ్లి పాడుగాను, గుండెలు ఆగేటట్టున్నయి మేడమ్!" అని అరిచింది. నేనూ తిట్టడానికే వాకిట్లోకి వచ్చాను. నోరు మంచిదని నాకు పేరేమీ లేదు. కానీ గేటు మీద చెయ్యి వేసేసరికి ఇనప చువ్వలోంచి ఆ దరువు అరచేతిలోకి ఎక్కింది. తిట్టు నోట్లోనే ఉండిపోయింది. మా బావ గుర్తొచ్చాడు. ఆయన పోయి ఏళ్లయింది. ఉండుంటే ఆ బండి వెనకాల చెప్పుల్లేకుండా నడిచిపోయేవాడు, మా అక్క వెనక నుంచి కేకలేస్తూ ఉండేది.

బావ అంటే మా అక్క మొగుడు. బూర్గంపాడులో ఆయనకు మైకు సెట్టు ఉండేది. వాళ్ల పెద్దలు కృష్ణా ఒడ్డు నుంచి వచ్చి, అడవి పక్కన భూములు కొని పొగాకూ మిరపా వేసినవాళ్లు. ఆ ఇళ్లల్లో మగవాడంటే పొద్దున పొలం, మాపటికి రేట్ల ముచ్చట. అలాంటి ఇంట్లో పుట్టి, తన వాటాకొచ్చిన చెలకలో ఓ ముక్క అమ్మి, ఆంప్లిఫయరూ, మనిషెత్తు స్పీకరు పెట్టెలూ, రెండు క్యాసెట్లు పట్టే టేప్‌రికార్డరూ కొన్నాడీయన. ఏన్కూరులో మా అమ్మకు ఈ సంగతి తెలిసి ఆ పూట అన్నం ముట్టలేదు. "పిల్లనిచ్చింది రైతుకా, మేళగాడికా?" అని ఒకటే శోకాలు.

ఎనభైల చివర్లో నాకు అక్కడి బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. మకాం అక్కావాళ్లింట్లోనే. మరదలినన్న ధీమాతో ఆయన్ని నేను ఏడిపించిన ఏడిపింపు అంతా ఇంతా కాదు. ఏమన్నా పడేవాడు. పైగా ప్రతిదానికీ "అవ్ అవ్" అని తలూపడం ఆయనకు అలవాటు. అన్నం పెట్టమంటావా అంటే అవ్. గోదారి పొంగిందట అంటే అవ్ అవ్. ఒకరోజు నేను చేటలో బియ్యం చెరుగుతూ, "బావా, నిన్ను సంతలో తోలుకెళ్లి అమ్మేస్తే ఎట్లుంటది?" అన్నాను. "అవ్ అవ్, మంచిగుంటది" అన్నాడు వైర్లు చుట్టుకుంటూ. నేను పడీపడీ నవ్వాను. అక్క మాత్రం నవ్వలేదు. "చాల్లే, ఊకో ఇగ," అని గరిటె చూపించింది. మొగుణ్ణి అంటే రోషం వచ్చిందనుకున్నాను.

సెట్టు పెట్టిన చోట ఆయన తీరే వేరు. మైకువాళ్లంతా "హలో హలో" అని ఊరు దద్దరిల్లేట్టు అరుస్తారు కదా, మా బావ అరిచేవాడు కాదు. పెట్టె ముందు గొంతుక్కూచుని, చెక్క మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని కాసేపుండి "ఆఁ, లేసింది" అనేవాడు. చెప్పులు వేసుకునేవాడు కాదు. ముళ్ల కంపలున్న చోట కూడా అంతే. "తేలు కుడితే తెలుస్తది" అని నేనంటే, "చెప్పులేసుకుంటే పాట ఎట్ల ఎక్కుతది టీచరమ్మా?" అనేవాడు.

ఆయన దగ్గర ఒక రంగుల చక్రం ఉండేది. పాత సైకిల్ రిమ్ముకు ఎరుపూ పచ్చా నీలం జిలుగు కాగితాలు అంటించి, వెనకాల పెద్ద బల్బు పెట్టి, చెడిపోయిన ఫ్యానులోని మోటారుతో తిప్పేవాడు. అది ఉరుకులు పరుగులు పెట్టేది కాదు, నిదానంగా తిరిగేది. టేకాకుల మీద ఎరుపు పాకి, అది వంకాయ రంగై, మెల్లగా నీలంలోకి దిగేది. కింద నిలబడ్డవాళ్ల మొహాలు కూడా వరసలు మరిచిపోయి, నీళ్లడుగున ఉన్న మనుషుల మొహాల్లా అయ్యేవి. అంతవరకు మూతి ముడుచుకున్న పెద్దమనుషులు కూడా నోరు తెరుచుకుని పైకి చూసేవాళ్లు.

వీటన్నిటినీ మించింది ఆ క్యాసెట్. సినిమా పాటల్లో దరువు తగ్గి గొంతు రాగానే ఆపేసి, ఉత్త వాయిద్యం ముక్కలు, అందులోనూ డప్పూ డ్రమ్మూ ఉన్నవే ఏరి, ఒక క్యాసెట్లోంచి ఇంకోదానిలోకి ఎక్కించేవాడు. ఒకే ముక్కను మళ్లీ మళ్లీ. రాత్రిళ్లు పెట్టె మీద చెయ్యి వేసి, మీట నొక్కుతూ తీస్తూ కూచునేవాడు. ఒక వైపంతా అదే దరువు, తిరిగి తిరిగి, ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలియకుండా. మొదటిసారి విని, "పాటేది బావా? పల్లవి ఏ ఎలుకన్నా కొరుక్కుతిన్నదా?" అన్నాను. పెళ్లిళ్లలో పెద్దవాళ్లు కూడా గొణిగేవారు. కుర్రకారు మాత్రం అర్ధరాత్రి దాటితే ఇంకోటి వద్దనేవాళ్లు. "అన్నా, మాటల్లేంది పెట్టే!" అని వెంటపడేవాళ్లు.

అది పెట్టాక ఆయన ఆడేవాడు. మా వాళ్లల్లో మగవాళ్లు ఆడరు. తాగితే ఊరేగింపులో రెండు గంతులేసి పడిపోతారు, అంతే. ఈయనకు చుక్క అలవాటు లేదు. జనానికి వీపు పెట్టి, పెట్టె ముందు ఉన్నచోటే నిలబడి, కళ్లు మూసుకుని, ముందు మడమలు, తర్వాత మోకాళ్లు, ఎప్పటికో భుజాలు కదిలించేవాడు. చూస్తూ చూస్తూ ఉంటే మనకే కళ్లు మూతపడేవి. సిగ్గుపడాలో ముచ్చటపడాలో నాకు తోచేది కాదు.

అక్క ప్రతి బుకింగుకూ వెంట వెళ్లేది. వంట, పిల్లాడు, అన్నీ అత్తగారి మీద పడేసి మరీ. ఆంప్లిఫయర్ పక్కన స్టూలేసుకుని కూచునేది. "పెళ్లాం కొంగు ఇడ్సి ఒక్క రాత్రి ఉండలేడు," అని ఊరంతా వేళాకోళం. నేనూ ఆ మాట అన్నాను, ఎందుకనను?

ఆయన అన్న, మా పెద్దబావ, వీటిలో దేన్నీ వేళాకోళంగా తీసుకోలేదు. తెల్ల పంచె, కోపం, ట్రాక్టరు, ఇవే ఆయన. ఆ ఏడు మిరప అయిపోగానే తేల్చేశాడు. "ఈ ఎండాకాలం బుకింగులు అయిపోంగనే సెట్టు అమ్ముడే. మగోడు ఆడుకుంట తిరుగుడేంది? పొలం చూసుకోమను." ఆ మాట బావతో చెప్పలేదు. ఎప్పుడూ అంతే, అక్కతో చెప్పి వెళ్లిపోయేవాడు.

ఇప్ప పువ్వు రాలే రోజులవి. వాగవతల కోయగూడెంలో పెళ్లి. పెళ్లికొడుకు తండ్రి పెద్దబావ పొలంలో ఏళ్ల తరబడి పనిచేసినవాడు. తన కొడుకు పెళ్లికి చిన్నయ్య మైకు, రంగుల చక్రం కావాలని వచ్చి అడిగాడు. ట్రాక్టరు డ్రైవరు ఊళ్లో లేడని, సామానుతో పాటు తానే వస్తానన్నాడు పెద్దబావ. "నేనూ చూస్తా, ఆ బాగోతమేందో."

బయల్దేరే రోజుకు అక్కకు చలిజ్వరం పట్టుకుంది. దుప్పట్లు కప్పినా పళ్లు టకటకమంటున్నాయి. నన్ను దగ్గరికి పిలిచి, తలుపు వెయ్యమంది.

"నువ్వు పోవాలె మీ బావెంట," అంది.

"నేనెందుకే? ఒక్క రాత్రి నువ్వు లేకపోతే ఏడుస్తాడా?"

అక్క నా చెయ్యి పట్టుకుంది. కాలిపోతోంది. "మీ బావకు చెవులు పోయినయే. రెండేండ్లాయె. ఉరుమో, డోలో అయితే ఒంటికి తెలుస్తది. మాట తెల్వదు, గొంతు తెల్వదు. ఎదురుంగ నిలబడి మాట్లాడితే మూతి చూసి కొంత పడ్తడు, లేకుంటే అవ్ అవ్ అంటడు."

సంతలో అమ్మేస్తానన్నదీ, మిగతావీ అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"దవాఖానకు..."

"ఖమ్మం తీస్కపోయిన. నరం ఎండింది, రాదన్నరు. పెద్దాయనకు తెల్సిందా, తెల్లారే సెట్టు అమ్మిస్తడు. చెవిటోని మైకు ఎవరు పిలుస్తరే? సెట్టు పోతే మీ బావ మనిషిగ మిగలడు. నువ్వు ఆడ కూసొని నా లెక్క చెప్పాలె."

అప్పుడు తెలిసింది, మా అక్క స్టూలు మీద కూచుని ఆ రెండేళ్లూ ఏం చేసిందో. కొంగు భుజం మీదికి లాక్కుంటే సౌండు తగ్గించమని. చెయ్యి నెత్తిన పెట్టుకుంటే పెంచమని. గాజులు మోచేతి దాకా తోసుకుంటే క్యాసెట్టు నలిగిందని. జ్వరంలో వణుకుతూనే నాచేత అన్నీ రెండుసార్లు చేయించింది. పరీక్షకు పంపే తల్లిలా నుదుటి మీద చెయ్యి పెట్టి, "ఆయన మొకం కిందికి కానియ్యకు," అంది.

గూడెం చేరేసరికి పొద్దు వాలింది. గాలంతా ఇప్పపువ్వు వాసన, తియ్యగా, మత్తుగా. పెద్దబావకు మంచం వేశారు. డోళ్లు వాయించే ముసలాళ్లు తమ డోళ్లను చెట్టుకు తగిలించి, కాస్త ముఖం మాడ్చుకునే కూచున్నారు. అందరిలోకి పెద్దవాడు, తలపాగాలో నెమలీక పెట్టుకున్న తాత, నాతో అన్నాడు, "మీ డబ్బా వచ్చినంక మాకు పనేమున్నదమ్మా? పండుకుంటం."

మొదట్లో నేను చేసిన కంగాళీ ఇప్పటికీ తల్చుకుంటే నవ్వొస్తుంది. దోమ కుట్టి భుజం మీద కొట్టుకుంటే బావ సౌండు తగ్గించాడు. జుట్టు సర్దుకుంటే పెంచాడు. కుర్రాళ్లు "ఏందన్నా, సౌండు ఎక్కిస్తున్నవ్, దించుతున్నవ్?" అని అరిచారు. ఆయన నా కళ్లలోకి చూశాడు. అక్క నాకు చెప్పేసిందని అప్పుడే గ్రహించాడు. ఒక్క క్షణం తల దించుకుని, మళ్లీ ఎత్తి, చిన్నగా నవ్వాడు. నేను చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, దోమలకు ఒళ్లప్పగించి కూచున్నాను.

రాత్రి ముదిరాక మాటల్లేని క్యాసెట్ పెట్టాడు. చక్రం తిరగడం మొదలైంది. చెట్ల మీద రంగులు నడుస్తున్నాయి. కుర్రాళ్లు, ఆడపిల్లలు, నడివయసు వాళ్లు, ఒకరొకరే లేచి వచ్చారు. కాసేపటికి ఎవరు ఎవరో పోల్చుకోవడం మానేశాను. దుమ్ము మోకాళ్ల దాకా లేచి, రంగు పట్టి, పొగమంచులా నిలబడింది. నా స్టూలు కాళ్లలోంచి దరువు వెన్నులోకి పాకుతోంది. నాకు వయసు లేదు, ఉద్యోగం లేదు, రేపు బడి లేదు. చిన్నప్పుడు అమ్మ ఒళ్లో పడుకుంటే ఆమె ఊపిరికి పైకీ కిందికీ అయినట్టు, ఆ అడవి మొత్తం ఒక్క ఊపిరి మీద లేస్తూ పడుతూ ఉంది. మధ్యలో బావ, మాకు వీపు పెట్టి, కళ్లు మూసుకుని. నిజం చెప్తున్నాను, అంత అందమైన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అప్పుడు జనరేటరు ఆగిపోయింది.

డీజిలు చూసుకోవాల్సినవాడు ఇప్పసారా తాగి పడున్నాడు. చప్పుడు పోయింది, రంగులు పోయాయి. దూరంగా వంటల దగ్గర పెట్రోమాక్స్ లైటొకటి, పైన ఆలస్యంగా లేచిన అర చంద్రుడు. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగి, కళ్లు నులుముకుని, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరో నవ్వారు.

బావ ఆగలేదు.

పెట్టె వైపు తిరిగి, కళ్లు మూసుకుని, ఆడుతూనే ఉన్నాడు. అంత నిశ్శబ్దంలో ఆయన మడమలు దుమ్ములో పడే చప్పుడు వినిపిస్తోంది. నవ్వినవాళ్లు ఆగిపోయారు. నేను కొంగు లాక్కున్నాను, గాజులు తోసుకున్నాను, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. కళ్లు మూసుకున్నవాడికి ఏం కనపడుతుంది? లేచి వెళ్లి పట్టుకుందామా అనుకున్నాను. పట్టుకుంటే అంతమందిలో ఉలిక్కిపడతాడు, అంతా బయటపడుతుంది. పట్టుకోకపోతే ఇంకా బయటపడుతుంది.

పెద్దబావ మంచం మీంచి లేచాడు. "ఒరేయ్ చిన్నోడా!" అన్నాడు. బావ మడమలు అలాగే పడుతున్నాయి. "ఒరేయ్!" ఈసారి గూడెం చివర కుక్కలు మొరిగాయి. అంత కేకకూ తమ్ముడి వీపు చలించలేదు. పెద్దబావ నోరు తెరిచి, మూసి, నా వైపు చూశాడు. నేను తల తిప్పుకున్నాను. చెప్పాల్సింది ఆ తల తిప్పుకోవడంలోనే చెప్పేశాను. ఆయన మళ్లీ మంచం మీద కూలబడ్డాడు.

చెట్టు కింద ఏదో కదిలింది. నెమలీక తాత తన డోలు దించుకుని మెడకు తగిలించుకుంటున్నాడు. వాళ్ల భాషలో పక్కవాళ్లతో ఏదో అన్నాడు. బావ దగ్గరికి నడిచి, ఆయన పాదాల వైపు వంగి చూస్తూ, మడమ ఎక్కడ పడుతోందో అక్కడ డోలు మీద దెబ్బ వేశాడు. ఒకటి. మళ్లీ ఒకటి. రెండో డోలు కలిసింది, మూడోది కలిసింది. డోలును బట్టి అడుగు వెయ్యడం అందరికీ తెలుసు. అడుగును బట్టి డోలు నడవడం నేను అప్పుడే చూశాను. ఆడవాళ్లు నడుముల చుట్టూ చేతులు వేసుకుని వరస కట్టి, రేల పాట అందుకుని, బావ చుట్టూ తిరగసాగారు. పెళ్లికూతురు కూడా వరసలోకి వచ్చింది.

నేను తాత దగ్గరికి వెళ్లి, "ఆయనకు..." అని మొదలుపెట్టాను. పూర్తిగా చెప్పనివ్వలేదు.

"ఎరకే గని, కాలు ఆడుతాంటే డోలు పండుకోగూడదమ్మా," అన్నాడు, వాయించడం ఆపకుండానే. "ఒక్కడన్న ఆడుతాంటే వాయించాలె. మా కాడ గంతే."

డీజిలు ఎవరో తెచ్చి పోశారు. కానీ జనరేటరు మళ్లీ వేద్దామా అని ఎవరూ అడగలేదు. తెల్లవారేదాకా డోళ్లే. బావ ఎప్పుడు కళ్లు తెరిచాడో నేను చూడలేదు. చూసేసరికి వరసలో ఉన్నాడు, ఇద్దరు ముసలమ్మల మధ్య, వాళ్ల అడుగుకు తన అడుగు కలుపుతూ. పెట్రోమాక్స్ వెలుగులో బుగ్గలు మెరుస్తున్నాయి. చెమటనుకున్నాను.

పొద్దున సామాను ట్రెయిలర్లోకి ఎక్కిస్తుంటే పెద్దబావ వచ్చాడు. ఎప్పుడూ పక్కకు చూసి, అక్కతో చెప్పి పోయే మనిషి, ట్రెయిలర్ చుట్టూ తిరిగి వచ్చి తమ్ముడి ఎదురుగా నిలబడ్డాడు. నిదానంగా, ఒక్కో మాట విడదీసి అన్నాడు.

"చిన్నోడా. బుకింగు, ఉంటే, ముందే చెప్పు. ఆ దినం, ట్రాక్టరు, పొలానికి పంపను."

పంచె ఎగ్గట్టి సీటెక్కాడు. సెట్టు అమ్మే మాట ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

వాగు దాటాక దారి గతుకులు. నేనూ బావా ట్రెయిలర్లో పెట్టెల మధ్య ఎదురెదురుగా కూచున్నాం. నాకు పట్టలేనంత ఆనందంగా ఉంది. "బావా, ఏం ఆడినవయ్యా! కరెంటు పోయింది కూడ తెల్వనంత మత్తులో ఉన్నవ్," అన్నాను, ఆయనకు అర్థమయ్యేలా నోరు బాగా తెరిచి.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"తెల్సింది టీచరమ్మా," అన్నాడు. "జనరేటరు ఆగంగనే తెల్సింది. కాళ్ల కింద నేల చచ్చిపోయినట్టయింది."

"మరి ఆగలేదేం?"

"ఆగితే కండ్లు తెరవాలె గద. తెరిస్తే అందరూ నన్నే చూస్తుంటరు. అన్న ఉన్నడాడ. ఏం చెయ్యాల్నో తోచలే. భయానికి ఆడిన. ఇంకొంచెం సేపు, ఇంకొంచెం సేపు అనుకుంట." ఆయన అరచేతులు రెండూ మోకాళ్ల మీద బోర్లించుకున్నాడు. "మళ్ల కింద నేల కొట్టుకున్నది. ఎవలో నా కాలుకు డోలు పట్టిన్రని సమజైంది. గప్పుడు ఏడ్సిన, ఆపుకోలేకపోయిన. చీకట్ల ఎవరన్న చూసిన్రా?"

గూడెమంతా చూసిందని నాకప్పుడు తెలిసింది. నేనే చెమటనుకున్నాను. ఆ ముసలమ్మలిద్దరూ తెల్లారేదాకా ఆయన నడుము ఎందుకు వదల్లేదో కూడా అర్థమైంది.

"ఎవరూ చూడలేదు బావా," అన్నాను. అంత నోరున్నదాన్ని, ఆ తర్వాత బూర్గంపాడు వచ్చేదాకా ఇంకో మాట మాట్లాడలేకపోయాను.